పత్తి గోదాములో కొలిచిన తలలు

కొన్ని నెలలుగా షాహీన్ నన్ను ఒకే ప్రశ్న అడుగుతోంది. ఆదోనిలోని చెవి ఆసుపత్రిలో నేను ఖాళీ చేసిన కుర్చీలో ఇప్పుడు ఆ అమ్మాయి కూర్చుంటోంది. మాది వినికిడి పరీక్షలు చేసే ఉద్యోగం. ఆడియాలజిస్టులంటారు. ఒకప్పుడు నేను ఆ ఊళ్లోనే, పత్తి నుంచి గింజ తీసే జిన్నింగు మిల్లు గోదాములో కొందరి తలలకు కొలతలు తీశాను. ఏ దిక్కు నుంచి వచ్చిన శబ్దం వాళ్ల చెవుల్లోకి ఎలా చేరుతుందో చెప్పే కొలతలవి. ఆ ఫైళ్లు నా దగ్గరే ఉన్నాయి. ఎవరైనా తీసుకుని వాడుకునేలా వాటిని ఇంటర్నెట్టులో పెడదామా అని ఆమె ప్రశ్న.

వాటిలో మొదటి నుంచి చివరి దాకా పూర్తయిన కొలత ఒక్కటే ఉంది. అది నా భార్య పద్మది. పద్మ పోయి ఏడాది దాటింది. ఆ ఫైలు తీసేస్తే మిగతావి పరిశోధకులకు పెద్దగా పనికిరావు. పెడితే ఎవరు ఎక్కడ దించుకుంటారో తెలియదు, వెనక్కి తీసుకోలేం.

జవాబు చెప్పకుండా రోజులు గడుపుతున్నాను. ఫోనులో చెప్పగలిగినంత చిన్న సంగతి కాదు. అందుకే రాస్తున్నాను. ఈ పనిలోకి కొత్తగా వస్తున్నవాళ్లు కూడా చదవవచ్చు. నేను ఎప్పుడు ఏ హోదాలో ఉన్నానో ఇందులో ఉండదు. దాని వల్ల ఎవరికీ ఉపయోగం లేదు.

వినపడుతుంది, ఎక్కడి నుంచో తెలియదు

మన దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామంది వినపడడం లేదంటారు. వాళ్ల పని తేలిక. గదిలో కూర్చోబెట్టి, హెడ్‌ఫోన్లు పెట్టి, ఎంత చిన్న శబ్దం దాకా వినగలరో చూస్తాం. గీత గీస్తాం. అప్పుడప్పుడు ఒకరు వచ్చి, వినపడుతుంది కానీ ఎటు నుంచో తెలియడం లేదంటారు. మన యంత్రం దగ్గర ఆ ప్రశ్నే లేదు. ప్రశ్న లేదు కాబట్టి జబ్బూ లేదని రాసి పంపేస్తారు. ఇది ఈ వృత్తిలో అందరూ చేసే పని. చాలా చోట్ల ఇప్పటికీ అలాగే జరుగుతోంది.

రత్నమ్మ అలా వచ్చిన మనిషి. తుంగభద్ర ఒడ్డున మాధవరం ఆమె ఊరు. పత్తి వచ్చే కాలంలో ఆదోని మిల్లులో పనికి వచ్చేది. మిల్లు ఆవరణలో పత్తి ట్రాక్టరు వెనక్కి వస్తుంటే, పక్కకు తప్పుకోవలసిన మనిషి దాని వైపే జరిగింది. ట్రాలీ చక్రం పాదం అంచు మీదుగా పోయింది. కట్టు కట్టించి, చెవులు పరీక్ష చేయించుకు రమ్మని మిల్లు మేనేజరు మా దగ్గరికి పంపాడు.

"ట్రాక్టరు చప్పుడు వినపడలేదా?" అని అడిగాను.

"వినపడకేమి సార్, బాగా వినపడె. ముందర నుంచి వస్తాందనుకోని ఎనక్కి జరిగినా. అది ఎనకనే ఉండె."

"ఎవరూ అరవలేదా?"

"అరిసినారు సార్. అందరూ రత్నమ్మా రత్నమ్మా అంటాండారు. యాడ నుంచి అంటాండారో తెలిస్తే కదా. దేవుడే పిలుస్తాండాడేమో, ఇంగ నా పని అయిపాయె అనుకొంటి." ఆమె నవ్వింది. పాదం నొప్పికి మళ్లీ ముఖం ముడుచుకుంది.

పరీక్షలో రెండు చెవులూ బాగానే ఉన్నాయి. గీత తీసుకుని డాక్టరు గారి గదికి వెళ్లాను. ఆసుపత్రి ఆయనదే.

"ఇంకేముంది? నార్మల్ అని రాసి పంపండి" అన్నారు.

"నార్మల్ అంటే అజాగ్రత్త ఆమెది అవుతుంది సార్. పని మాన్పిస్తారు."

"చెవుడని రాస్తే?"

"చెవిటిదని మాన్పిస్తారు."

"మరి నన్నేం చేయమంటారు? మీరు చెవి చూడండి. మిల్లును చూసుకోవడానికి మిల్లువాళ్లున్నారు."

ఆయన చెడ్డవాడు కాదు. ఆపరేషన్ బల్ల దగ్గర ఆయన చేతుల్లో ఉన్న ఓపిక, నోట్లో ఉండేది కాదు. ఇలాంటి పెద్దలు మీకూ తగులుతారు. వాళ్లతో వాదించడం దండగ. వాళ్లు వద్దనని పని ఏదో కనిపెట్టి, అది చేయాలి. నేను రిపోర్టులో 'దిక్కు గుర్తించే పరీక్ష ఇంకా చేయవలసి ఉంది' అని రాశాను. డాక్టరు గారు చదివి, ఒకసారి నా వైపు చూసి, సంతకం పెట్టారు. ఆ పరీక్ష మా దగ్గర లేదని ఆయనకూ తెలుసు.

ఆ ఒక్క వాక్యంతో రత్నమ్మ పని అప్పటికి పోకుండా నిలిచింది. పరీక్ష అయ్యేదాకా లోపల పత్తి ఏరే చోట కూర్చోమన్నారు. పరీక్ష తేవలసిన పూచీ నా మీద పడింది.

తల కొలత అంటే ఏమిటి

దిక్కు పరీక్ష సరిగా చేయాలంటే ప్రతిధ్వని లేని గది, మనిషి చుట్టూ స్పీకర్లు కావాలి. అది మన ఊళ్లో అయ్యేది కాదు. ఇంకో దారి హెడ్‌ఫోన్లు.

శబ్దం చెవి రంధ్రం దాకా వచ్చేలోపు భుజాలు, తల, చెవి డొప్పలోని మడతలు దాన్ని మార్చేస్తాయి. కుడి పక్క శబ్దం కుడి చెవికి కాస్త ముందు, కాస్త గట్టిగా చేరుతుంది. ముందు నుంచి వచ్చిందా వెనక నుంచి వచ్చిందా అన్న తేడాను మాత్రం ఎక్కువగా చెవి మడతలే చెబుతాయి. చెవిలో చిన్న మైకు పెట్టి, చుట్టూ ఒక్కో దిక్కు నుంచి శబ్దం చేసి, ఆ మార్పును రాసి పెట్టుకోవచ్చు. ఇంగ్లీషులో దీన్ని హెచ్.ఆర్.టి.ఎఫ్. అంటారు. నేను తల కొలత అంటాను. ఒక దిక్కు కొలతలో నుంచి ఏ శబ్దాన్ని పంపి హెడ్‌ఫోన్లలో వినిపించినా, బయట ఆ దిక్కు నుంచే వచ్చినట్టు అనిపిస్తుంది.

ఇబ్బంది ఒక్కటే. ఎవరి తల వాళ్లదే. ఇంకొకరి కొలతతో వింటే కుడి ఎడమలు సరిపోతాయి కానీ, ముందున్నది వెనక ఉన్నట్టు అనిపించవచ్చు.

విశ్వవిద్యాలయాలు కొన్ని ఇలాంటి కొలతలు తీసి అందరికీ ఉచితంగా పెట్టాయని చదివాను. వాటి కోసం వెతకడం మొదలుపెట్టాను.

వెతుకులాట

దీని గురించి కొత్తవాళ్లకు గట్టిగా చెప్పవలసినవి కొన్ని ఉన్నాయి.

వ్యాసంలో 'కొలతలు అందరికీ అందుబాటులో ఉన్నాయి' అని రాసి ఉంటుంది. ఆ చిరునామాకు వెళితే పేజీ ఉండదు. పేజీ ఉంటే ఫైలు ఉండదు. ఫైలు దిగితే, అందులోని అంకెలు ఏ వరుసలో ఉన్నాయో చెప్పే కాగితం ఉండదు. కొన్నాళ్లకు అందరూ ఒకే రకం ఫైలు వాడడం మొదలుపెట్టారు, కొంత నయమైంది. అంతకు ముందు ప్రతి ప్రయోగశాలదీ ఒక దారి. కొందరు ముఖానికి ఎదురుగా సున్నా పెట్టి కోణాన్ని ఎడమకు లెక్కిస్తారు, కొందరు కుడికి. వివరణలో ఏం రాసి ఉన్నా నమ్మకండి. ఎడమ నుంచి రావలసిన శబ్దాన్ని పెట్టి, మీ చెవులతో విని, అప్పుడు ముందుకు వెళ్లండి. షరతులు కూడా పూర్తిగా చదవండి. పరిశోధనకు మాత్రమే అని రాసి ఉంటే అంతవరకే.

పోయిన ఫైళ్ల కోసం ఉత్తరాలు రాశాను. ఎక్కువ మంది పలకలేదు. ఒక పెద్దాయన జవాబిచ్చాడు. ఆ గది పడగొట్టేశారని, కొలతలిచ్చినవాళ్లు ఎటు పోయారో తనకు తెలియదని, ఫైళ్లు మాత్రం దాచానని రాసి, అన్నీ పంపించాడు. ఆయన ఏమీ అడగలేదు. ఆ ఫైళ్లలో మనుషులకు పేర్లు లేవు, ఒక సంఖ్య, ఆడో మగో అన్న ఒక్క మాట, అంతే. వాళ్లలో ఒకరి తలతోనే నేను చాలా కాలం పని చేశాను.

పగలు ఆసుపత్రి, సాయంత్రం బస్సులో ఎమ్మిగనూరు, ఇంటికొచ్చాక కంప్యూటరు ముందు ఇదే పని. పద్మ బడిపిల్లల పరీక్ష పేపర్లు దిద్దుకుంటూ పక్కనే ఉండేది.

"దొరికినాయా తలకాయలు?" అని అడిగేది.

"ఒకటి దొరికింది. ప్రయోగాలకు చేసిన బొమ్మది. మనిషిది కాదు."

"బొమ్మకు చెవులెందుకప్పా, మన హెడ్మాస్టరుకే లేవు కదా" అని మళ్లీ పేపర్లలోకి పోయేది.

కొలతలు కొన్ని సమకూడాక రత్నమ్మను పిలిపించి హెడ్‌ఫోన్లు పెట్టాను. కుడి ఎడమలు తడుముకోకుండా చెప్పింది. ముందు వెనకలు కలిపేసింది. అవే శబ్దాలు నేను విన్నాను. నేనూ కలిపేశాను. డాక్టరు గారూ కలిపేశారు.

"ఈ లెక్కన మన ముగ్గురినీ మాన్పించాలి" అన్నారాయన.

అంటే అది రత్నమ్మ లోపమని చెప్పడానికి లేదు. అరువు తలతో వింటే ఎవరికైనా అంతే. మరి ఆవరణలో తన సొంత తలతోనే ఆమె ఎందుకు తప్పింది? అది తెలుసుకోవడానికి మిల్లుకు వెళ్లాను.

వెళ్లిన కాసేపటికి జవాబు ఎదురుగానే కనిపించింది. దూది నూగు గాలంతా ఎగురుతోంది. ఆడవాళ్లందరూ తువ్వాలు తల మీదుగా, చెవుల మీదుగా బిగించి చుట్టుకుని ఉన్నారు. మన వృత్తిలో మొదటి నియమం ఏమిటి? పరీక్షకు ముందు తల మీద ఏముంటే అది తీయించాలి. పువ్వులు, కమ్మలు, గుడ్డ, అన్నీ. మనం కొలిచేది బోడి తలను. వాళ్లు పని చేసేది చుట్టిన తలతో. చెవి మడతలను గుడ్డ మూసేస్తే, ముందు వెనకలు చెప్పే గుర్తులు ముందే పోతాయి.

నాకు దొరికిన కొలతలన్నీ మళ్లీ తిరగేశాను. కురచ జుట్టు విద్యార్థులు, బొమ్మ తలలు. తువ్వాలు చుట్టుకున్న తల ఒక్కటీ లేదు.

గోదాము

ఎవరూ కొలవకపోతే మనమే కొలవాలి. ప్రతిధ్వని లేని గది కోసం ఆలోచిస్తే పత్తి గోదాము గుర్తొచ్చింది. మూడు పక్కలా పైదాకా పత్తి పోసి ఉంటే, అందులో మాట్లాడిన మాట అక్కడే పడిపోతుంది. ఆదోనిలో ఇంతకంటే మంచి గది ఎవరూ కట్టలేరు.

మేనేజరు గౌస్ సాబ్ వినగానే రెండు చేతులూ ఎత్తాడు.

"క్యా సార్, పత్తిలో కరెంటు పెడతారా? ఒక్క నిప్పురవ్వ చాలు, మిల్లు ఖతం, నేనూ ఖతం."

"కరెంటు కాదు, బ్యాటరీ."

"బ్యాటరీ కూడా బయటనే పెట్టండి. వైరు లోపలికి పోనీ. నీళ్ల బకెట్లు పెట్టుకుని నేను వాకిట్లోనే కూర్చుంటా."

మిల్లు సెలవు రోజున నిజంగానే బకెట్లు పెట్టుకుని కూర్చున్నాడు. నేల మీద సున్నంతో గుండ్రంగా గీత గీసి, మధ్యలో స్టూలు వేశాను. డాక్టరు గారు రికార్డు చేసే పెట్టెను ఇచ్చి, ఎవరికీ చెప్పవద్దన్నారు. మిల్లు ఆడవాళ్లు కొందరు వచ్చారు. సెలవు రోజు వాళ్లకూ ఇంట్లో పనులుంటాయి. కొన్ని దిక్కులు కాగానే నీళ్లు పట్టుకోవాలని ఒకరు, పిల్లాడు ఏడుస్తున్నాడని ఒకరు లేచిపోయారు. వాళ్లను తప్పుపట్టలేం. కదలకుండా గంటల తరబడి కూర్చోవడం ఎవరికీ సరదా కాదు.

చివరికి, సాయానికని నాతో వచ్చిన పద్మ, "లెండి, నేను కూర్చుంటాను" అంది. ఒకసారి ఉత్త తలతో, ఒకసారి తువ్వాలుతో, అన్ని దిక్కులూ కొలవాలి. తువ్వాలు రత్నమ్మే చుట్టింది.

"గట్టిగా కట్టాల మేడం, లేకుంటే నూగు సెవిలోకి పోతాది."

"అబ్బా, ఇంత గట్టిగానా? రోజంతా ఇట్లనే ఉంటారా?"

"అన్నం తినేటప్పుడు ఇప్పుతాం మేడం. నోరు తెరుసుకోవాల కదా."

పద్మకు నవ్వు ఆగలేదు. కదలొద్దన్నాను.

"కదల్లేదు, నవ్వినా. నవ్వినా చెడిపోతుందా మీ కొలత?"

"చెడిపోతుంది."

"అయితే మీరు ఎదురుగా నిలబడొద్దు. నా పేరు మాత్రం యాడా రాయొద్దండీ. ఎమ్మిగనూరంతా టీచరమ్మ చెవులు కొలిచినారంట అని చెప్పుకుంటారు."

సాయంత్రానికి ఆమె మెడ పట్టేసింది. పని పూర్తయింది.

తువ్వాలు కొలతను ఉత్త తల కొలత పక్కన పెడితే తేడా స్పష్టంగా కనిపించింది. సన్నని, కీచు శబ్దాల దగ్గర ఉండవలసిన ఎత్తుపల్లాలన్నీ మారిపోయాయి. మాటలతో మేనేజరును ఒప్పించలేనని, ఆయన తలకే తువ్వాలు చుట్టి, కళ్లు మూసుకుని ఆవరణలో నిలబడమన్నాను. ట్రాక్టరును దూరంగా నిలిపి ఇంజను మాత్రం తిప్పించాను. ఆయన గేటు వైపు చేయి చూపించాడు. ట్రాక్టరు ఆయన వీపు వెనక ఉంది.

"ఇంకోసారి" అన్నాడు. ఇంకోసారీ తప్పాడు. తువ్వాలు విప్పి మడత పెడుతూ రెండు గేట్ల వైపూ చూశాడు.

ఆ వారమే ట్రాక్టర్లు ఒక గేటులో వచ్చి ఇంకో గేటులో పోయేలా చేశాడు. ఆడవాళ్లున్న చోట వెనక్కి నడపడం మానిపించాడు. రత్నమ్మ పని నిలిచింది. నా రిపోర్టులో 'ఈమె చెవుల్లో లోపం లేదు, తల మీది గుడ్డ వల్ల దిక్కు తెలియదు, అందరికీ అంతే' అని రాశాను. డాక్టరు గారు ఈసారి నా వైపు చూడకుండానే సంతకం పెట్టారు.

దీన్ని విజయమని చెప్పను. తర్వాతి ఏడాది వేరే మేనేజరు వచ్చాడు. రెండో గేటు దగ్గర పత్తి బేళ్లు పేర్చి దారి మూసేశాడు. నేను రెండుసార్లు వెళ్లి చెప్పాను, కూర్చోబెట్టి టీ ఇచ్చాడు. రత్నమ్మ కొంతకాలం వచ్చింది, తర్వాత పాదం సహకరించక ఊళ్లోనే ఉండిపోయింది. మన పనిలో దొరికే ఫలితాలు ఈ మాత్రమే ఉంటాయి. ఒక కాలం పాటు ఒక ఆవరణలో ఎవరికీ దెబ్బ తగలలేదు. దాన్ని తక్కువ చేయకండి, ఎక్కువా చేయకండి.

షాహీన్ ప్రశ్న

పద్మ జబ్బు గురించి రాయను. ఆ కాలమంతా ఆసుపత్రులకు తిరిగాం, ఆమె మిగల్లేదు. ఆమె పోయాక చాలామంది వచ్చి మంచి మాటలు చెప్పారు. ఏవీ గుర్తు లేవు.

తొలిసారి షాహీన్ ఇంటికొచ్చి అడిగినప్పుడు, పద్మ ఫైలు వద్దన్నాను.

"మేడంది లేకుంటే ఎట్ల సార్? అందరివీ సగం సగమే ఉన్నాయి. తువ్వాలు కట్టుకున్న తల ఎవురి దగ్గరా లేదు. నేను కూడా వెతికినా."

"పద్మ ఫోటో తీస్తేనే ఒప్పుకునేది కాదమ్మా."

"ఇది ఫోటో కాదు కదా సార్."

ఫోటో కంటే ఎక్కువ. ఫోటో చూస్తే ఆమె ఎలా ఉండేదో తెలుస్తుంది. ఈ ఫైలులో ఉన్నది లోకం ఆమె చెవుల్లోకి ఎలా వచ్చేదన్న సంగతి. ఎవరో తెలియనివాళ్లు తమ ప్రోగ్రాములో దాన్ని పెట్టుకుని వింటారని ఆలోచిస్తే నాకు కష్టంగా ఉండేది. పేరు రాయవద్దంది. ఇవ్వవద్దని అనలేదు. ఇమ్మని కూడా అనలేదు. పోయినవాళ్ల మాటలను మనకు కావలసినట్టు సాగదీయడం నాకు ఇష్టం లేదు.

షాహీన్ బలవంతం చేయలేదు. వెళ్లేటప్పుడు వాకిట్లో చెప్పులు తొడుక్కుంటూ ఒక్క మాట అంది. "సార్, ఆ పెద్దాయన పంపిన ఫైళ్లలో మీరు వాడిన తల ఎవరిదో మీకు తెలుసా?"

తెలియదు. ఒక సంఖ్య తెలుసు. ఆ మనిషి ఆడో మగో తెలుసు, బతికున్నారో లేదో తెలియదు. వాళ్ల కోసం ఇంట్లో ఎవరైనా ఇలా కూర్చుని ఆలోచించారేమో తెలియదు. ఆ తల లేకపోతే, తప్పు రత్నమ్మ చెవుల్లో లేదని నాకు తెలిసేది కాదు. అరువుతో పని నడుపుకున్నవాణ్ని, నా వంతు వచ్చేసరికి తలుపు వేసుకుంటున్నాను. ఇది తేలడానికి నాకు నెలలు పట్టింది. ఇక్కడి దాకా రాశాకే పూర్తిగా తేలింది.

నిన్న పద్మ ఫైలు తెరిచాను. ఇచ్చే ముందు విని సరిచూడాలి, అది పని. ఎడమ శబ్దం ఎడమనే వచ్చింది, కుడిది కుడినే. ఎదురుగా రావలసినది నాకు వెనక నుంచి వచ్చింది. అది ఫైలు తప్పు కాదు. నా చెవులు ఆమె చెవులు కావు. ఇంకోసారి వినాలనిపించింది కానీ, సరిచూడడం అయిపోయింది కాబట్టి మూసేసి షాహీన్‌కు పంపాను.

ఈ ఉదయం షాహీన్ ఫోను చేసింది.

"సార్, ఇంటర్నెట్టులో ఫైళ్లు పెట్టే చోట ప్రతి మనిషికీ కొన్ని వివరాలు నింపాల. పేర్లు యాడా పెట్టలేదు. మేడం దగ్గర ఆడమనిషి, కొప్పు, అని రాసినా."

"సరే."

"ఇంగొకటి ఉంది సార్. అవసరమైతే మళ్లా కొలవడానికి మనిషి దొరుకుతారా అని అడుగుతాండారు."

"దొరకరని రాయమ్మా."

అవతల కీబోర్డు చప్పుడు వినపడింది.

"మిగతావాళ్లకు ఏం రాయాల సార్?"

"దొరుకుతారని రాయి. రాసి ఊరుకోవద్దు. సగంలో ఆగినవాళ్లందరి దగ్గరికీ ఈ పత్తి కాలంలోనే పోయి పూర్తి చెయ్యి."